ముక్కలైన నాలుగో దశ

2001 అక్టోబర్ 22 ఉదయం. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ3 రాకెట్ నిప్పులు కక్కుతూ లేచింది. మన టీఈఎస్, జర్మనీ వారి బర్డ్, ఐరోపా వారి ప్రోబా ఉపగ్రహాలు మూడూ క్షేమంగా కక్ష్యకు చేరాయి. పని ముగిసిన నాలుగో దశ మాత్రం పైనే తిరుగుతూ ఉండిపోయింది. ట్యాంకుల్లో కాస్త ఇంధనం, కాస్త ఆక్సీకారి మిగిలాయి. ఆ రెండూ తాకితే చాలు, అగ్గిపుల్లతో పనిలేదు.

డిసెంబర్ 19న అది బద్దలైంది. కింద వెలిగండ్ల, కనిగిరి లాంటి ఊళ్ళలో ఎవరి చెవినా చిన్న చప్పుడు పడలేదు. అమెరికా నిఘా రాడార్లకు మాత్రం ఒక్క వస్తువు ఉండాల్సిన చోట గుంపు కనిపించింది. లెక్క తేలేసరికి ముక్కలు 300 దాటాయి. ధ్రువాల మీదుగా సాగే కక్ష్య, కింద తిరిగే భూమి. వెలిగండ్ల నెత్తిమీదుగా కూడా అవి పోవాల్సిందే.

ఏ ముక్క ఎంత పెద్దది? ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న ఇది. సెంటీమీటరు ముక్క తగిలినా ఉపగ్రహం పని అయిపోవచ్చు. కానీ వందల కిలోమీటర్ల దూరం నుంచి రాడార్‌కు దక్కేది తిరిగొచ్చిన తరంగం బలం ఒక్కటే. దూరం రెట్టింపైతే అది పదహారో వంతుకు పడిపోతుంది. పైగా రేకు ముక్క వెడల్పు వైపు తిరిగితే తళుక్కుమంటుంది, అంచు వైపు తిరిగితే మాయమవుతుంది. తరంగం పొడవు కన్నా బాగా చిన్న ముక్కయితే మరీ కష్టం. సైజు సగమైతే ప్రతిఫలనం 64వ వంతే.

ఈ చిక్కుకు దారి ఆకాశంలో దొరకలేదు, నేలమీదే దొరికింది. నాసా వారు నమూనా ఉపగ్రహాన్ని అతివేగపు దెబ్బతో పగలగొట్టించి, అందులో 39 ముక్కలు ఏరారు. ఒక్కొక్కదాన్నీ రాడార్ ముందు పెట్టి, అన్ని వైపులా తిప్పుతూ, రకరకాల పౌనఃపున్యాల్లో కొలిచారు. పొడవు, వెడల్పు, మందాల సగటును సైజుగా తీసుకున్నారు. ఇంత సైజు ముక్క సగటున ఇంత ప్రతిఫలిస్తుందన్న పట్టిక అలా తయారైంది. ఆకాశంలోని ముక్కల సైజును నేటికీ దాని ఆధారంగానే అంచనా కడుతున్నారు. చేతిలో పట్టుకుని చూసిన 39 ముక్కలు, కంటికి ఎన్నడూ కనబడని వేల ముక్కలకు కొలబద్ద అయ్యాయి. ఇంత ఓపికైన పనికి రావలసినంత పేరు రాలేదని నా బాధ.

చిన్న ముక్కలు కాబట్టి ఈ కొలత గదిలో కుదిరింది. విమానం ప్రతిఫలనాన్ని కొలవాలంటే అంత తేలిక కాదు. కంభం చెరువులో రాయి వేస్తే దగ్గర అల వంపుగా ఉంటుంది, ఆవలి గట్టు చేరేసరికి తిన్నగా కనిపిస్తుంది. రాడార్ తరంగమూ అంతే. 13.2 మీటర్ల తేజస్ యుద్ధవిమానం మీద 3 సెంటీమీటర్ల తరంగం తిన్నగా పడాలంటే దాదాపు 11.6 కిలోమీటర్ల ఎడం కావాలి. అంత మైదానం లేనప్పుడు దగ్గరి నుంచే, విమానాన్ని తిప్పుతూ కొలుస్తారు. ఏ భాగం ఎంత ప్రతిఫలిస్తోందో ముందు చిత్రంగా కడతారు. తర్వాత తరంగపు వంపును లెక్కలో సరిచేసి, దూరాన ఎలా కనిపిస్తుందో రాబడతారు. ఈ పద్ధతిని అమెరికా ఇంజినీరు ఐవన్ లాహే 2003లో ఒక వ్యాసంలో వివరించారు.

మళ్ళీ శ్రీహరికోటకు వద్దాం. ఆ పేలుడును ఇస్రో తేలిగ్గా తీసుకోలేదు. పీఎస్‌ఎల్‌వీ-సీ4 నుంచి, పని ముగిశాక నాలుగో దశలో మిగిలిన ఇంధనాన్ని బయటికి వదిలేసే ఏర్పాటు చేసింది. ఒకేసారి పది వస్తువులను వెంబడించగల రాడార్‌నూ శ్రీహరికోటలోనే నిలిపింది. అందులో 4,608 ప్రసారక భాగాలు ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్ల దూరంలో పావు చదరపు మీటరు ప్రతిఫలనం ఇచ్చే వస్తువును అది పట్టగలదు.

2024 జనవరి 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశను 650 కిలోమీటర్ల నుంచి 350కి దించి, మిగిలిన ఇంధనం ఖాళీ చేశారు. మార్చి 21న అది ఉత్తర పసిఫిక్ మీద వాతావరణంలోకి దిగిపోయింది. ఈసారి ఒక్క ముక్క కూడా కక్ష్యలో మిగల్లేదు.