కంపోస్ట్ గుంతలు లెక్కపెట్టిన తాతయ్య

నేను కోడింగ్ ఉద్యోగం చేసే రోజుల్లో మూడు నెలలకోసారి ట్రైనింగ్ పెట్టేవాళ్లు. ఏం నేర్చుకున్నామో ఎవడూ అడగడు, ఎంతమంది అటెండ్ అయ్యారన్న నంబర్ మాత్రం పైకి వెళ్లిపోయేది. ఇది చెప్తే మా తాతయ్య నవ్వి, "మా కంపోస్ట్ గుంతల్లాగే ఉంది రా" అన్నారు. ఆయన అరవైల్లో గ్రామసేవక్. వీఎల్‌డబ్ల్యూ అనేవాళ్లు.

అసలు ఈ గ్రామసేవక్ అనే ఐడియా ఎక్కడ పుట్టింది? 1948లో, యూపీలోని ఎటావాలో. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంతో మన దేశానికి వచ్చిన ఆల్బర్ట్ మేయర్ అనే న్యూయార్క్ ఆర్కిటెక్ట్‌తో నెహ్రూకి పరిచయమైంది. ఆయన ప్లాన్‌తో 64 ఊళ్లలో పని మొదలైంది. విత్తనాలు, ఎరువులు సరే, నాకు నచ్చింది వేరే. మేయర్ దాన్ని 'ఇన్నర్ డెమోక్రటైజేషన్' అన్నాడు. అంటే ఊళ్లో తిరిగే చిన్న ఉద్యోగి పెద్దాఫీసర్ ముందు కూర్చుని, "సార్, ఇది ఇక్కడ పనిచేయదు" అనగలగాలి. ఆఫీసులోనే నోరు లేనివాడు ఊరివాళ్ల చేత ఏం మాట్లాడిస్తాడు?

ఇది టైమ్ పట్టే పని. ప్రభుత్వానికేమో తొందర. 1952 అక్టోబర్ 2న 55 ప్రాజెక్టులతో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ మొదలైంది, తర్వాత బ్లాకులు దేశమంతా పాకిపోయాయి. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, రోడ్లు, అన్నీ ఆ ఒక్క గ్రామసేవక్ నెత్తిమీదే. వీటితో పాటు టార్గెట్లు!

1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ తేల్చిందేంటంటే, జనం దీన్ని తమ పనిగా అనుకోలేదు, కాబట్టి అధికారం, డబ్బు ఎన్నికైనవాళ్లకే ఇవ్వాలి. అలా 1959 అక్టోబర్‌లో ముందు రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే నెలలో మన షాద్‌నగర్‌లో పంచాయతీ రాజ్ మొదలైంది. సమితులు వచ్చాయి.

మరి అంతా బాగుపడిందా? తాతయ్య చెప్పింది వినండి. ఆయన తిరిగే ఒక ఊళ్లో దళితవాడ ఆడవాళ్లు మంచినీళ్ల బావి అడిగారు. బావి టార్గెట్‌లో లేదు, గుంతలున్నాయి. గుంతలే తవ్వించి లెక్క రాశారు. తర్వాత సమితి నుంచి డబ్బులొచ్చాయి, బావీ వచ్చింది. సర్పంచ్ గారి వీధిలో.

కమిటీ 'ఊరు' అని రాసేసింది గానీ, ఊరంటే ఒకటి కాదు కదా! పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు సీట్లు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1992లో 73వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

"మీరు ఆఫీసర్‌తో చెప్పలేదా తాతయ్యా, బావి ఎవరు అడిగారో?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆయన ముందు మేము నిలబడే ఉండేవాళ్లం రా," అన్నారు.