నడిగడ్డ గాలం: రాజు వినోదం, జాలరి విద్య

చిన్న పడవెక్కి నీళ్ల నడుమకు పోయి, కూటి కోసం కాకుండా కాలక్షేపం కోసం గాలం వేయడమనగానే మనకు సముద్రం, దాని వెంట సీమదొరలు గుర్తుకొస్తారు. అలా అనిపించడానికి కారణాలున్నాయి. సముద్రంలో సరదాగా గాలం వేసేవాళ్లు ఇంగ్లండులో 1893లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. 1898లో అమెరికా పడమటి తీరాన, కాటలీనా దీవి దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ గాలం కట్టెతో 183 పౌన్ల ట్యూనా చేపను పట్టాడు. ఆ ఏడే అక్కడ ట్యూనా క్లబ్బు పుట్టింది. చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ 1939లో న్యూయార్కులో ఏర్పడింది. ఈ తేదీలనే చరిత్ర అనుకుంటే, సముద్రానికి వంద మైళ్లకు పైగా దూరాన, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డగా పిలిచే గద్వాల సీమకు అందులో చోటే దొరకదు. కానీ ఇవన్నీ క్లబ్బులు పుట్టిన తేదీలు. గాలం వేటను వినోదంగా ఎంచి, దానికో శాస్త్రం రాసుకున్న కాలం వీటికి ఏడెనిమిది వందల ఏళ్ల ముందుది. ఆ రాత దొరికింది ఈ నదుల సీమను ఏలిన రాజ్యంలోనే. ఆ వేటకు తగిన చిన్న పడవ కూడా ఈ నదుల్లోనే ఉంది. అయితే ఈ రెండు ఆనవాళ్లూ మన గొప్ప చాటుకోవడానికి మాత్రమే పనికొచ్చేవి కావు. ఆ విద్య ఎవరి చేతుల్లో పెరిగిందో, ఈనాడు దాని మీద ఎవరికి హక్కుందో కూడా అవి చెబుతాయి.

మొదటి ఆనవాలు మానసోల్లాసం. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన గ్రంథమిది. అభిలషితార్థ చింతామణి అని దీనికి ఇంకో పేరు. రాజ్యం సంపాదించడం నుంచి వంటకాల దాకా, సంగీతం నుంచి రత్నపరీక్ష దాకా నూరు అధ్యాయాల్లో రాజుకు తెలియవలసినవన్నీ చెప్పిన ఈ గ్రంథంలో వినోదాల భాగం ఒకటుంది. ఏనుగుల పోట్లాటలు, మల్లయుద్ధాలు, కోడిపందేలు, డేగవేట వంటి వాటి నడుమ మత్స్యవినోదం కూడా కనిపిస్తుంది. అందులో ముప్పైకి పైగా చేపజాతుల పేర్లున్నాయి. సముద్రపు చేపలేవి, మంచినీటి చేపలేవి, పొలుసున్నవేవి, పొలుసు లేకుండా నున్నటి చర్మం ఉన్నవేవి, పెద్దవేవి, చిన్నవేవి అని విడదీసి చెప్పారు. ఏ చేపకు ఏ మేత ఇష్టమో, ముందుగా మేత వేసి చేపను ఒక చోటికి ఎలా అలవాటు చేయాలో, గాలానికి ఏ ఎర కట్టాలో, దారం దేనితో పేనాలో కూడా ఉంది. గాలం వేట మీద ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకం 1496 నాటిది. అందరూ గొప్పగా చెప్పుకునే ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653లో వచ్చింది. మానసోల్లాసం వాటిలో మొదటిదానికన్నా మూడున్నర శతాబ్దాలు పెద్దది. భారతీయ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయం మీద వ్యాసం రాసి, శాస్త్రలోకం దృష్టికి తెచ్చాడు.

సోమేశ్వరుడి రాజధాని కళ్యాణం నేటి బీదరు జిల్లాలోని బసవకళ్యాణ్ కదా, దానికీ గద్వాలకూ ఏమిటి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆ రాజు ఇక్కడి కృష్ణలో జూరాల దగ్గరో, బీచుపల్లి దగ్గరో గాలం వేశాడని చెప్పబోవడం లేదు. కానీ ఈ నేల ఆ రాజ్యానికి పొలిమేర మాత్రమే కాదు. అలంపురంలో కళ్యాణి చాళుక్యుల శాసనాలున్నాయి. పాలమూరు సీమలో చాలా భాగాన్ని కందూరు చోడులు వాళ్లకు సామంతులుగానే ఏలారు. ఆ రాజ్యపు పెద్ద నదుల్లో కృష్ణ, భీమ, తుంగభద్ర ఉన్నాయి. కాబట్టి రాజ్యంలోని నదీ చేపల గురించి ఆస్థానానికి తెలిసిందంతా ఇలాంటి నీళ్ల మీద బతికిన వాళ్ల నోటి నుంచే రావాలి. చేప ఏ లోతున తిరుగుతుందో, ఏ వేళకు మేతకొస్తుందో, ఏ వాసనకు మరుగుతుందో సింహాసనం మీద కూర్చున్నవాడికి తెలియదు. తరతరాలుగా నీళ్లలో దిగినవాడే చెప్పాలి. సంస్కృత శ్లోకంలో రాజు గొంతు వినిపిస్తున్నా, ఆ శ్లోకంలో ఉన్న సమాచారం జాలరిది. గ్రంథానికి కర్త పేరు మిగిలింది, చెప్పినవాళ్ల పేర్లు మిగలలేదు. మత్స్యవినోదాన్ని మన ప్రాచీన వైభవంగా చెప్పుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

రెండో ఆనవాలు పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, నీరు చొరకుండా పైన తోలు కప్పిన పడవ ఇది. తరువాతి కాలంలో తోలుకు బదులు తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర తుంగభద్ర దాటే బుట్టపడవల గురించి వివరంగా రాశాడు. లోపల బద్దల అల్లిక, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టేంత చోటు, తెడ్డు వేస్తుంటే గిరగిర తిరిగే తీరు, అన్నీ చెప్పి, ఈ రాజ్యపు ఏరుల్లో ఇవి తప్ప వేరే పడవలే లేవన్నాడు. ఆనెగొంది దగ్గర పారిన ఆ తుంగభద్రే కిందికి వచ్చి అలంపురం పక్కన పారి కృష్ణలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే కూడా ఎద్దుతోలు కప్పిన బుట్టపడవల మీద నది దాటడం గురించి రాశాడు. మద్రాసు ప్రభుత్వంలో మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణ భారత పుట్టుల మీద 1933లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశాడు.

యూఫ్రటీసు నదిలో తోలు కప్పిన గుండ్రటి పడవలు నడిచేవని రెండున్నర వేల ఏళ్ల కిందటే హెరొడోటస్ రాశాడు కాబట్టి, పుట్టి మనకు అక్కడి నుంచి వచ్చిన అరువు సొమ్మేనని అనేవాళ్లుంటారు. పోలిక ఉన్నంత మాత్రాన అరువు అయిపోదు. పుట్టి ఆకారం ఈ నదుల స్వభావం నుంచే పుట్టిందని చూపడం కష్టం కాదు. నడిగడ్డ దగ్గర కృష్ణ రాతి పడక మీద పారుతుంది. వానాకాలంలో ఉరకలేసి, ఎండాకాలంలో గుండాలుగా, మడుగులుగా విడిపోతుంది. అడుగున దూలమున్న పడవ ఆ బండల మీద బద్దలవుతుంది. అడుగు చదునుగా ఉన్న పుట్టి మూరెడు నీళ్లలో కూడా తేలుతుంది, బండకు తగిలితే వంగి తప్పుకుంటుంది, నీళ్లు లేనిచోట మనిషి దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచిపోగలడు. పెద్ద మాను అక్కర్లేదు, వెదురు చాలు. కూర్చున్నవాడు తెడ్డును ముందుకు చాపి తన వైపు లాక్కుంటూ పోతే దారి తప్పకుండా వెళుతుంది. కావలసింది చేతివాటం మాత్రమే. జూరాలకు దిగువన కృష్ణ పాయల నడుమ ఉన్న గుర్రంగడ్డ ఊరివాళ్లకు పుట్టీ పడవే తరాలుగా దారి. మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి నది నడుమ ఉన్న శ్రీపాద శ్రీవల్లభుల కురువపురం వెళ్లే భక్తులను నది దాటించిందీ పుట్టే.

ఇక్కడ ఇంకో అభ్యంతరం గట్టిది. రాజు వినోదం ప్రధానంగా ఒడ్డున కూర్చుని సాగింది, పుట్టి నది దాటడానికీ వల వేయడానికీ వాడారు. ఈ రెంటినీ కలిపి చిన్న పడవ మీద వినోదపు వేట అనే చరిత్ర అల్లడం న్యాయమా? ఒక గొలుసులా తెగకుండా వచ్చిన సంప్రదాయం ఉందని అంటే అది అన్యాయమే అవుతుంది. 12వ శతాబ్దానికీ 19వ శతాబ్దానికీ నడుమ అలాంటి గొలుసు లేదు. ఉన్నది రెండు పాయలు. తీరిక ఉన్నవాడి వినోదం ఒకటి, నీళ్ల మీద బతికేవాడి విద్య మరొకటి. అవి ఎన్నో చోట్ల కలిశాయి, కలిసిన ప్రతిచోటా రెండోది లేకుండా మొదటిది అడుగు ముందుకు వేయలేకపోయింది. తెల్లదొరల కాలం దీనికి మంచి నిదర్శనం. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశంలో గాలం వేట మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు, 1887లో చెరువుల్లో గాలం వేట మీద ఇంకొకటి రాశాడు. గాలం కట్టె, చక్రం ఇంగ్లండు నుంచి వచ్చాయి కానీ, ఏ మడుగులో ఏ చేప ఉందో చూపింది ఇక్కడివాళ్లే. కావేరిలో ఈ కలయిక బాగా కనిపించేది. అక్కడ మహసీరు చేప వేటకు వెళ్లేవాళ్లకు పుట్టే పడవ, దాన్ని నడిపే స్థానికుడే గురువు. 1946లో కావేరి ఉపనది కబినిలో వాన్ ఇంగెన్ పట్టిన 120 పౌన్ల మహసీరును ఇప్పటికీ పెద్ద రికార్డుగా చెబుతారు. మన కృష్ణకూ తన మహసీరు జాతి ఉంది. దక్కను మహసీరును 1839లో కల్నల్ సైక్స్ లోకానికి పరిచయం చేసింది కృష్ణా పరీవాహకంలోని పూనా ప్రాంతపు నదుల నుంచే.

పడవ చిన్నదైతే గాలానికి అనుకూలమేమిటో కూడా చెప్పాలి. పెద్ద చేప గాలాన్ని మింగి పరుగెత్తితే, బరువైన పడవ కదలదు, దెబ్బంతా దారం మీద పడుతుంది. తేలికైన పుట్టి చేప లాగినవైపు కొంత జరుగుతుంది, ఆ మేరకు దారం బతుకుతుంది. ఇంజను చప్పుడు ఉండదు కనుక చేప బెదరదు. బండల సందుల్లోకి, తుంగ అంచులకు చేరువగా వెళ్లి ఎర దింపవచ్చు. దీనికి ఎదురుగా కష్టాలూ ఉన్నాయి. లేచి నిలబడితే ఒరుగుతుంది, గాలి వీస్తే నిలవదు, ఒక మనిషి తెడ్డు పట్టుకుంటేనే ఇంకొకడు గాలం చూసుకోగలడు. అంటే ఈ వేట స్వభావం చేతనే ఇద్దరి పని. 1930ల్లో కనిపెట్టిన నైలాను దారం తరువాత ఇక్కడికి చేరి నారదారాలను, నూలుదారాలను వెనక్కి నెట్టింది. జాలరి గాలానికీ వినోదపు గాలానికీ ఇప్పుడు దారం ఒకటే. తేడా అంతా దొరికిన చేప ఆ పూట ఇంటికి ఎంత అవసరమన్న దాంట్లోనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం ఈ నీళ్లను పూర్తిగా మార్చేసింది. శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. ఆ వెనుకనీరు కొల్లాపురం, సోమశిల, అలంపురం దాకా పరుచుకుని ఊళ్లనూ పొలాలనూ ముంచింది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించవలసి వచ్చింది. 1981లో పునాది పడిన జూరాల ప్రాజెక్టు కృష్ణను గద్వాల ఎగువన ఆపింది. పారే నది నిలువనీరైంది. ఎదురీదే చేపల దారి మూసుకుపోయింది. నిలువనీటిలో పెరిగే బొచ్చె, రోహు పిల్లలను ఏటా ప్రభుత్వమే జలాశయాల్లో వదులుతోంది. 2016లో తెలంగాణ కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. జూరాల గట్టు దగ్గర చేపలు తినడానికే దూరాల నుంచి జనం వస్తున్నారు. సోమశిలకు విహారానికి వచ్చేవాళ్లు పెరిగారు. సముద్రం లేని చోట సముద్రమంత నీరు వచ్చింది కనుక, వినోదపు గాలానికి ఇక్కడ కొత్తగా ఆస్కారం కలిగింది.

ఆ ఆస్కారాన్ని ఎలా వాడుకుంటామన్నదే ఈ చరిత్ర మనల్ని అడిగే ప్రశ్న. పర్యాటకం పేరుతో గాలం వేట మొదలైతే మత్స్యకారుల కడుపు కొట్టినట్టే అవుతుందని కొందరి భయం. ఆ భయం నిజమైనది. ప్రాజెక్టుల కింద ముందుగా నష్టపోయినవాళ్లలో నది మీద బతికినవాళ్లు ఉన్నారు, వాళ్ల వాటాలో మళ్లీ కోత పడకూడదు. కానీ ఆ భయానికి మందు నిషేధం కాదు. పుట్టి నడిపేవాడు, చోటు చూపేవాడు, ఎర కట్టేవాడు మత్స్యకార సహకార సంఘం సభ్యుడే కావాలి. గాలానికి కట్టే రుసుం ఆ సంఘానికే చేరాలి. గుడ్లు పెట్టే వానాకాలపు వారాల్లో గాలం అసలు దింపకూడదు. జీవహింస వినోదమెలా అవుతుందని అడిగేవాళ్లకు కూడా జవాబు చెప్పాలి. తినే చేపను, తినగలిగినంతే పట్టి, చిన్నదాన్ని గాయం పెంచకుండా తడిచేత్తో వదిలేయడం ఒక క్రమశిక్షణ. అది లేని గాలం వేటను నేను సమర్థించను. ఇక ప్రమాదాల సంగతి. నది కోసం పుట్టిన పుట్టి, గాలికి అలలు లేచే జలాశయపు నడుమకు పోకూడదు. ఒడ్డు వెంబడి మాత్రమే నడవాలి, ఎక్కిన ప్రతివాడికీ లైఫ్‌జాకెట్ ఉండాలి.

తొమ్మిది వందల ఏళ్ల కిందట ఒక రాజు ఈ విద్యను రాయించి నిలబెట్టాడు. అది చేసిన మేలు పెద్దది, ఆ గ్రంథం లేకపోతే మనకు వాదించడానికి ఆధారమే ఉండేది కాదు. అయితే చెప్పినవాళ్లను మరుగున పెట్టిన లోపం కూడా ఆ రాతలోనే ఉంది. ఈ సీమలో ఇప్పటికీ ఏ మడుగు లోతెంతో, ఏ గాలికి చేప పైకొస్తుందో, ఏ ఎరకు ఏది మరుగుతుందో ఎరిగిన బెస్తలు, గంగపుత్రులు, ముదిరాజులు ఉన్నారు. ఆ తెలివిని వాళ్ల నోట విని, వాళ్ల పేర్లతో రాసిపెట్టే పని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కళాశాలలు ఈ తరంలోనే చేయగలవు. వెదురు అల్లి పుట్టి కట్టడం తెలిసినవాళ్లు తగ్గిపోకముందే ఆ పనితనాన్నీ నమోదు చేయాలి. వినోదపు వేట ఇక్కడ మళ్లీ మొదలైతే అది జాలరిని కూలివాడిగా కాక గురువుగా ఎంచి మొదలవ్వాలి. మానసోల్లాసం నుంచి మనం నేర్చుకోవలసిందీ, దిద్దుకోవలసిందీ కూడా అదే.