ఊరు మునిగింది, కరెంటు మాత్రం రాలేదు: ఘానా కథ

ఈరోజు ఒక చిన్న మాటతో మొదలుపెడదాం. 'దుమ్‌సో'. పశ్చిమ ఆఫ్రికాలోని ఘానాలో ట్వీ భాషలో 'దుమ్' అంటే ఆర్పడం, 'సో' అంటే వెలిగించడం. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది... ఈ బాధకి అక్కడి జనం పెట్టుకున్న పేరది. 2012 తర్వాత కొన్నేళ్లు ఆ దేశాన్ని బాగా ఏడిపించింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ స్లో అయితే ముందు ఒకటే చూసేవాళ్లం: కెపాసిటీ తక్కువా, లేక ఎవరో ఒక్కరే అంతా వాడేస్తున్నారా? ఘానా చరిత్రని కూడా అలాగే చూద్దాం.

1957లో స్వాతంత్ర్యం వచ్చింది. నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. పరిశ్రమలు రావాలంటే కరెంటు కావాలి, అందుకే వోల్టా నది మీద అకొసొంబో దగ్గర డ్యామ్ కట్టాలనుకున్నాడు. మరి డబ్బు? ఖర్చులో సగం ఘానా పెట్టుకుంది. మిగతాది ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్ అప్పులు. కానీ అప్పు ఇచ్చేవాళ్లకి ఒక గ్యారంటీ కావాలి: ఇంత కరెంటు కొనేదెవరు?

అక్కడ ఎంటరైంది అమెరికన్ కంపెనీ కైజర్. టెమా రేవులో వాల్కో అనే అల్యూమినియం ఫ్యాక్టరీ పెడతాం, కరెంటు మాత్రం చాలా చవగ్గా, దీర్ఘకాలం ఇవ్వాలి అంది. ఘానాలో బాక్సైట్ ఉంది, దాన్ని ఇక్కడే వాడతారని ఎన్‌క్రుమా ఆశ. ఫ్యాక్టరీకేమో ముడిసరుకు బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చింది!

1961లో పని మొదలైంది. 1966 జనవరి 22న ప్రారంభోత్సవం. సరిగ్గా 33 రోజులకి, ఫిబ్రవరి 24న, ఎన్‌క్రుమా విదేశాల్లో ఉండగా సైన్యం ఆయన్ని దింపేసింది.

ఇప్పుడు అసలు విషయం. డ్యామ్ వెనక ఏర్పడిన వోల్టా సరస్సు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు. మనిషి చేసిన జలాశయాల్లో విస్తీర్ణంలో ప్రపంచంలోనే పెద్దది. దానికోసం 700కి పైగా ఊళ్లు, సుమారు 80,000 మంది ఖాళీ చేశారు. వాళ్లని 52 కొత్త కాలనీల్లో పెట్టారు. తొలి దశాబ్దాల్లో కరెంటులో సగానికి పైగా వాల్కోకే వెళ్లేది. 1972 నుంచి పక్క దేశాలు టోగో, బెనిన్‌కి కూడా అమ్మారు. ఊరు ఇచ్చినవాళ్లలో చాలామంది ఇళ్లలో మాత్రం ఏళ్ల తరబడి కిరసనాయిలు దీపమే.

అలాగని ఎన్‌క్రుమా మోసపోయాడు అని తేల్చేయలేం. పెద్ద కస్టమర్ లేకపోతే అప్పు పుట్టేది కాదు, డ్యామే వచ్చేది కాదు. ఆ కరెంటుతోనే అక్రా, కుమాసీ లాంటి నగరాలు ఎదిగాయి. తప్పెక్కడంటే, పల్లెలకి లైన్లు వేయడం ఎవరి ఒప్పందంలోనూ ముఖ్యం కాలేదు. దేశమంతటికీ కరెంటు అనే ప్రభుత్వ పథకం 1989లో గానీ మొదలవలేదు. ఈరోజు 80 శాతానికి పైగా జనానికి కనెక్షన్ ఉందంటే దాని పుణ్యమే.

మరి 2012లో దుమ్‌సో ఎందుకొచ్చింది? నైజీరియా నుంచి వచ్చే గ్యాస్ పైప్‌లైన్ దెబ్బతింది, తర్వాత డ్యామ్‌లో నీళ్లు తగ్గాయి, కరెంటు సంస్థలకి బకాయిలు పేరుకుపోయాయి. వైరు ఇంటిదాకా వచ్చింది, అందులో కరెంటు లేదు.

మీ తాతమ్మ వాళ్లదో, అమ్మమ్మ వాళ్లదో ముంపు ఊరైతే ఒకసారి అడగండి: కొత్త ఊరికి కరెంటు ఎప్పుడొచ్చింది అని. వాళ్లు ఏం చెప్పారో కామెంట్లో రాయండి, నేను చదువుతా. మళ్లీ కలుద్దాం!