చెయ్యి పెడితే రంగు మారే టీషర్ట్: హైపర్‌కలర్ కథ

ఈరోజు ఒక టీషర్ట్ కథ చెప్తాను. వంకాయ రంగు టీషర్ట్ అనుకోండి. దాని మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఆగి తీస్తే గులాబీ రంగులో చెయ్యి అచ్చు కనిపిస్తుంది. చల్లబడగానే ఆ అచ్చు మాయం. 1991లో అమెరికా స్కూలు పిల్లలు దీనికోసం ఎగబడ్డారు. దాని పేరే హైపర్‌కలర్.

తయారు చేసింది సియాటిల్‌లోని జెనెరా అనే బట్టల కంపెనీ. స్టీవెన్ మిస్కా వాళ్లు 1980లో మొదలుపెట్టారు. మధ్యలో ఫారా అనే పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. 1989లో పాత ఓనర్లే మళ్లీ కొనుక్కున్నారు. అంటే కంపెనీ సొంత చేతికి వచ్చిన రెండేళ్లకే ఈ హిట్ పడిందన్నమాట.

రంగు వెనకాల ఉన్న టెక్నాలజీ మాత్రం జపాన్‌ది, మాత్సుయి షికిసో అనే కంపెనీది. ఇది భలే ఉంటుంది, వినండి. బట్టకి ముందు మామూలు గులాబీ రంగు అద్దుతారు. దానిమీద కంటికి కనపడనంత చిన్న క్యాప్సూల్స్ ఎక్కిస్తారు. ఒక్కో దాంట్లో ఒక నీలం డై, ఒక బలహీనమైన యాసిడ్, మైనంలాంటి ఒక పదార్థం ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు మైనం గడ్డకట్టి ఉంటుంది, డై, యాసిడ్ కలిసి ఉంటాయి, నీలం కనిపిస్తుంది. నీలం, గులాబీ కలిస్తే మనకి వంకాయ రంగు. ఒంటి వేడి తగలగానే మైనం కరుగుతుంది, ఆ రెండూ విడిపోతాయి, నీలం పోతుంది, అడుగున గులాబీ మిగులుతుంది. వేడి టీ పోస్తే ఫోటో బయటపడే మ్యాజిక్ మగ్ బర్త్‌డే గిఫ్టుగా ఇస్తుంటారు కదా, అది కూడా ఈ కుటుంబానిదే.

ఇక అమ్మకాలు. 1991 ఫిబ్రవరి నుంచి మే వరకు, నాలుగు నెలల్లో 5 కోట్ల డాలర్ల సరుకు అమ్మారు. 1992లో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది! ఎందుకలా?

చాలామంది చెప్పే మొదటి కారణం చంకలు. వేడి ఎక్కడ ఎక్కువో అక్కడే రంగు మారుతుంది మరి. క్లాసులో చెయ్యెత్తితే మీ చెమట సంగతి అందరికీ తెలిసిపోతుంది. రెండోది ఉతకడం. వేడి నీళ్లలో వేసినా, ఇస్త్రీ చేసినా, బ్లీచ్ తగిలినా, డ్రయర్‌లో తిప్పినా ఆ రంగు ఆట పాడైపోయేది. లేబుల్ మీద ఏం రాశారో ఇంట్లో ఎవరు చదువుతారు చెప్పండి? మ్యాజిక్ పోయాక మిగిలేది ఒక వెలిసిపోయిన చొక్కా.

నాకైతే ఇవి సగం కారణాలే అనిపిస్తుంది. ఆ తప్పులు మొదటి రోజు నుంచీ ఉన్నాయి, అయినా జనం కొన్నారు. అసలు దెబ్బ వేగం దగ్గర తగిలింది. తక్కువ టైమ్‌లో మరీ ఎక్కువ సరుకు మార్కెట్లోకి దించేశామని తర్వాత కంపెనీ పెద్దే అన్నాడు. ఆలోచించండి, ఇది ఆశ్చర్యాన్ని అమ్మే వస్తువు. క్లాసులో ఒక్కడికి ఉంటే అందరూ వచ్చి చెయ్యి పెడతారు. ముప్ఫైమందికీ ఉంటే ఎవరు ఎవరిని ముట్టుకుంటారు? జీన్స్ ప్యాంటు అయితే పాతబడ్డాక ఇంకోటి కొంటారు. దీన్ని రెండోసారి కొనాలని ఎవరికి అనిపిస్తుంది?

1993లో అమెరికా హక్కులు సియాటిల్ టీషర్ట్ కంపెనీకి వెళ్లిపోయాయి. తర్వాత చాలా ఏళ్లు చప్పుడు లేదు. 2008 ప్రాంతంలో అమెరికన్ అపారెల్ రంగు మారే టీషర్ట్‌లు తెచ్చింది, ప్యూమా బూట్లు తెచ్చింది. టైమ్ గమనించారా? 1991లో పదేళ్ల పిల్లాడికి 2008కి ఇరవై ఏడు. జేబులో సొంత డబ్బులు, మనసులో స్కూలు రోజులు. ఈసారి పిచ్చి మునుపటంత ఎక్కలేదు. నా లెక్కలో అదే దానికి మంచిదైంది. సరదా వస్తువు సరదాగానే ఉండిపోయింది.

ఇప్పుడు పాత బట్టలు అమ్మే సైట్లలో 1991 నాటి ఒరిజినల్స్ దొరుకుతుంటాయి. అక్కడ కొనేవాళ్లు సైజు కంటే ముందు అడిగేది ఒకటే: "ఇంకా రంగు మారుతుందా?"