వేసవి వనభోజనమునకు తావెక్కడ?



చైత్రము దాటి వైశాఖము ప్రవేశించినతోడనే మన గ్రామములయందు ఒక ప్రశ్న పుట్టును. పట్టణములనుండి కొడుకులు, కోడండ్రు, మనుమలు సెలవులకు వత్తురు. నాలుగు దినములు ఇంట కూర్చుండి, ఐదవ దినమున “తాతా, ఎక్కడికైన పోయి ఒకపూట చెట్లక్రింద తిని వత్తము, మంచి తావేదో చెప్పు” అని అడుగుదురు. వినుటకిది చిన్న కోరిక. కాని అనంతపురపు మెట్టనేలపై దీనికి సమాధానము చెప్పుట చిన్నపని కాదు. ఎండకాలమున నీరును నీడయు ఒక్కచోట దొరకు స్థలము మనకు అరుదు. దొరికిన ప్రతి స్థలము వెనుకను ఎవరో పడిన పాటు, ఎప్పుడో జరిగిన చరిత్ర యుండును. కావున ఈ స్థలనిర్ణయమును చరిత్రదృష్టితో పరిశీలింప నెంచితిని.

మన సీమ యెందువలన ఎండినదో ముందు చూతము. నైరృతి ఋతుపవనములు అరేబియా సముద్రమునుండి తెచ్చిన నీటిలో అధికభాగమును సహ్యాద్రిమీదనే కురిసివేసి, మనకడకు వచ్చుసరికి ఒట్టి గాలులగును. ఈశాన్య ఋతుపవనములకు మనము మిక్కిలి దూరము. అవి తూర్పుతీరమును తడిపి ఇటు వచ్చుసరికి బలము తగ్గియుండును. అందుచే అనంతపురమున సంవత్సరమునకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానయు కాలమెరిగి రాదు. ఒక్కరాత్రి కురిసి వంకలను పొంగించి, పిమ్మట రెండునెలలు మొగము చాటువేయును. ఇట్టి నేలపై వచ్చిన నీటిని పట్టి నిలుపుకొన్నవాడే బ్రదుకును.

పూర్వాచారము ననుసరించి వనభోజనము కార్తికమాసపు వేడుక. ఉసిరిచెట్టు నీడను పూజచేసి, బంధుమిత్రులతో కలిసి భుజింతుము. ఆ మాసమున చెరువులలో నీరుండును. గట్లు పచ్చగా నుండును. ఏ చెట్టుక్రింద కూర్చుండినను వనమే. కార్తికమున తావు నెన్నుటకు పాండిత్య మక్కరలేదు. వైశాఖమున ఎన్నిన తావే తావు. ఆ ఎండకు నిలిచిన తోపు, ఆ ఎండకు నిలిచిన బావి, ఈ రెండును ఏ గ్రామమున గలవో ఆ గ్రామము ధనవంతమైన గ్రామము.

రాజులును ఈ పరీక్షకు లోబడినవారే. తుంగభద్రాతీరమున హంపీ చుట్టునున్న బండరాళ్లు పగలు కాగి రాత్రియు సెగ విడువవు. ఆముక్తమాల్యద యందు గ్రీష్మమును అంత విపులముగా వర్ణించిన కృష్ణదేవరాయలకు ఆ సెగ తెలియని దనుకొనరాదు. విజయనగర ప్రభువులకు వేసవి విడిదిగా ప్రసిద్ధికెక్కినది మన పెనుగొండ. పేరే పెద్దకొండ యని చెప్పుచున్నది. కొండపాదమున గగనమహలు నేటికిని నిలిచియున్నది. రెండంతస్తుల మేడ, పైని శిఖరము, గాలి ధారాళముగా పారుటకు కమానులు. హిందూ మహమ్మదీయ శిల్పరీతులు రెండును అందు కలిసియున్నవి. 1565వ సంవత్సరమున రక్కసి తంగడి యుద్ధములో విజయనగరము కూలినపుడు తిరుమలరాయలు రాజ్యమును తరలించిన దిచ్చటికే. వేసవికని ఎన్నుకొన్న తావు, ఆపత్కాలమున రాజధాని యయ్యెను. విహారమునకు మంచి తావు నెన్నుట యనగా బ్రదుకుటకు మంచి తావు నెన్నుటయే యనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

2022 ఏప్రిల్ నెలలో జరిగిన జిల్లాల విభజనవలన పెనుగొండ, లేపాక్షి, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా రెండయినది గాని, ఎండ రెండు కాలేదు. అందుచే నేను వాని నన్నిటిని మన సీమగానే చెప్పుచున్నాను.

ఉపాధ్యాయుడనై యుండగా పిల్లలను పెనుగొండకు పిలుచుకొనిపోవు వాడుక నాకుండెడిది. ఒకమారు గగనమహలు ముంగిట ఒక బాలుడు, “అయ్యా, కొండ చల్లనిదే. కాని ఇంతమందికి నీళ్లెవరు మోసిరి?” అని యడిగెను. రాజుల పేర్లును యుద్ధముల తేదీలును చెప్పుచున్న నాకు ఆ ప్రశ్న మిక్కిలి ముచ్చట గొలిపినది. దానికి సమాధానము శిలపైనే కలదు.

1388వ సంవత్సరపు శాసన మొకటి ఇప్పటి కర్ణాటకమునందలి గౌరిబిదనూరు ప్రాంతమున దొరికినది. రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయడు పెనుగొండ నేలుచుండెను. జలమే ప్రాణులకు జీవనమని తలచి, జలసూత్రమున ఆరితేరిన సింగయభట్టును సభలో పిలిచి, పెన్నానదిని పెనుగొండకు తెమ్మని యాజ్ఞాపించెనట. సింగయభట్టు కల్లూడినుండి సిరువేర చెరువువరకు కాలువ త్రవ్వించి, దానికి రాజుపేరు పెట్టెను. కొండయు గాలియు దేవుడిచ్చినవి. నీరు మాత్రము మనుష్యుడు తెచ్చినది. ఇది ఆ బాలుని ప్రశ్నకు సమాధానము. రాజుపేరు కాలువకు నిలిచినను, శాసనము వ్రాయించినవారు ఆ పనివాని పేరు విడువకుండుట గమనింపదగినది.

తావు నెన్నుటకు మన పెద్దలు వ్రాసిపెట్టిన లక్షణములే కలవు. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువుకట్టపై 1369వ సంవత్సరపు శాసనము కలదు. ఉదయగిరి నేలిన భాస్కరరాయడు, మొదటి బుక్కరాయల కుమారుడు, ఆ చెరువును కట్టించెను. ప్రతిదినము వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పనిచేసినట్లు అందున్నది. అంతకన్న విలువైనది, మంచి చెరువునకు పండ్రెండు సాధనములును ఆరు దోషములును అందు చెప్పబడుట. ధర్మముగల రాజు, జలశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, దూరమునుండి పారివచ్చు తీయని నీటి ఏరు, ఇరువైపుల కొండ, నడుమ పొడవెక్కువగాని దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, దాపున నిడుపాటి రాళ్ల గని, పండు పొలములు, పనివాండ్ర సమూహము మొదలైనవి సాధనములు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరన నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు అధికమగుట, నేల కొంచెమై నీరధికమగుట దోషములు.

ఈ దోషములలో మూడవది చూడుడు. రెండు రాజ్యముల పొలిమేరన చెరువు కట్టరాదట. మట్టిని రాతిని ఎంచినంత శ్రద్ధతో మనుష్యుల తగవునుగూడ ఎంచిరి. అందరిదియు అనుకొన్న తావు ఎవరిదియు కాకుండపోవునని వారెరుగుదురు. ఈ మాట కడపట మనకు పనికివచ్చును.

అనంతపురపు పుట్టువే ఒక చెరువుతో ముడివడియున్నది. మొదటి బుక్కరాయల దివాను చిక్కవొడయరు 1364 ప్రాంతమున పండమేటి కడ్డముగా కట్ట కట్టించెనని చరిత్ర. కట్టకు ఒకకొనను బుక్కరాయసముద్రము, రెండవకొనను అనంతసాగరము అను గ్రామములు వెలసినవి. కట్ట తెగనున్నపుడు గ్రామము నిలుపుటకై తన ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మీ కందరకు తెలిసినదే. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ కథనే “ముసలమ్మ మరణము” అను కావ్యముగా రచించిరి. కథలోని దెంత నిజమో యను వాదము నాకు ముఖ్యము కాదు. కట్ట నిలుచుటకు ఎవరో వెల చెల్లించిరని జనులు ఆరునూరేండ్లు జ్ఞాపకముంచుకొన్నారు. అది నిజము.

ఇక నీడ మాట. గూటిబయలు వద్దనున్న తిమ్మమ్మ మర్రిమానును చూడనివారు మనలో తక్కువ. 1434లో సహగమనము చేసిన తిమ్మమ్మ చితిగుంజనుండి అది మొలిచినదని ఐతిహ్యము. సుమారు ఐదెకరముల మేర పరచుకొన్న ఆ వృక్షము 1989లో ప్రపంచమున మిక్కిలి పెద్ద మర్రిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఊడ నేలకు దిగి మరల మ్రానై, మూలము శిథిలమైనను పందిరి నిలుచుచున్నది. లేపాక్షి ఆలయప్రాంగణమున బండపై తొలిచిన రాతికంచములు కలవు. ఆలయము కట్టిన శిల్పుల భోజనమునకని కొందరును, రంగులు కలుపుటకని కొందరును చెప్పుదురు. హంపీలో కాలువకు రెండుగట్లను ఆకుల యాకృతితో చెక్కిన రాతివిస్తళ్లు నేటికిని ఉన్నవి. పారు నీటిప్రక్కన బంతికట్టి భుజించుట మన పూర్వులకు ఎంత ప్రియమో ఆ రాళ్లే చెప్పును.

ఇపుడు పిల్లలకు మనమేమి చెప్పవలెను? నా తలంపులు కొన్ని విన్నవింతును. మొదట, చెరువు నిండుగా కనబడు వైపు గాక, కట్టక్రింది తోపు నెన్నుడు. చెరువెండినను కట్టక్రింది బావిలో ఊట మిగులును. రెండవది, ఉదయపు నీడను చూచి మోసపోవలదు. మూడుగంటలవేళ నీడ ఎటు వాలునో చూడవలెను. చింత, కానుగ, వేప, మర్రి మన ఎండకు తగినవి. మూడవది, పొయ్యి వెలిగించుటకు ముందు తల యెత్తి చూడుడు. పెద్దమ్రానులకు తేనెపట్టు వ్రేలాడుచుండును. పొగ తగిలినచో విందు పరుగుపందెమగును. నాలుగవది, వంకలోని ఇసుక మెత్తగానున్నదని అందు చాపలు పరువరాదు. వేసవివాన ఎగువను కురిసినచో మనకు చినుకైన పడకయే వంక పారవచ్చును. ఐదవది, చెరువు నడుమ మట్టి త్రవ్విన గుంతలలోనికి పిల్లలను దిగనీయకుడు. పైకి మోకాలిలోతుగా కనబడి లోపల నిలువులోతుండును. ఆరవది, చిత్రాన్నమును నీరుమజ్జిగయు మోదుగవిస్తళ్లలో తిని, విస్తళ్లను మట్టిలో పూడ్చిరండు. ప్లాస్టిక్ సంచులు తూమునకు అడ్డుపడును, పశువుల కడుపున చేరును.

అయ్యా, ఇవి తావు దొరికినపుడు పాటింపదగినవి. అసలు తావు దొరకునా యనునదే నేటి చింత. పూర్వము చెరువు కట్టించి కాపాడువానికి దశబంధము ఇనాము ఉండెడిది. ఆ మాన్యము తినువాడు కట్ట తెగిన పూడ్చవలెను. నీరుగంటి తూము కనిపెట్టుకొని యుండెడివాడు. ఆంధ్రప్రాంతమున 1956వ సంవత్సరపు చట్టముతో ఇనాములు రద్దయినవి. మరమ్మతు భారము ప్రభుత్వమునకు చేరినది. ఊరి చేయి సడలినది. బోరుబావులు వచ్చినపిమ్మట చెరువువైపు చూచువారు తగ్గిరి. వంకలు పొలములలో కలిసినవి. తోపులు కట్టెలుగా అమ్ముడుపోయినవి. హంద్రీనీవా కాలువద్వారా కృష్ణాజలములు మన సీమకు చేరుట సంతోషము. కాని కాలువ తెచ్చిన నీటిని నిలుపుకొనుటకును చెరువే కావలెను, చెరువునకు గర్భమును కట్టయు ఉండవలెను.

పోరుమామిళ్ల శాసనమున చెప్పిన పొలిమేర దోషమును మరల స్మరింపుడు. నేడు మన చెరువులు రాజ్యముల పొలిమేరన లేవు. ఊరికిని ప్రభుత్వమునకును నడుమనున్న పొలిమేరన నున్నవి. ఊరివారు ప్రభుత్వముదందురు, ప్రభుత్వోద్యోగులు ఊరివారిదందురు. ఈ నడుమ వంక పూడిపోవుచున్నది.

పెద్దలారా, మీ ఊరి చెరువునకు నీరు ఏ వంకన వచ్చెడిదో, మరువ పారిన నీరు ఎటు పోయెడిదో, తోపు ఎంతవరకుండెడిదో కంటితో చూచినవారు మీరు. పటములో గీత చెరిగినను మీ జ్ఞాపకమున అది యున్నది. మీ తరము గడచినచో ఆ సాక్ష్యమును గడచును. కావున ఈ వేసవిలో మనుమలు తావేదని అడిగినపుడు ఊరక వ్రేలుచూపి పంపకుడు. వారితో మీరును నడువుడు. వంక పొడవునా నడిపించి, “ఇది దీని దారి” యని చెప్పుడు. ఆ దారిని వారొక కాగితముపై గీసికొని గ్రామసభలో ఉంచినచో ఇంకను మేలు.

మన శాస్త్రములు మనుష్యునకు ఏడు సంతానములని చెప్పినవి. పుత్రుడు అందొకటి మాత్రమే. తటాకమును, వనమును తక్కిన యారింటిలో చేరినవి. కొడుకులు పట్టణములకు పోవచ్చును. చెరువును తోపును ఊరు విడిచిపోవు. కట్టక్రింద ఒక కానుగనో చింతనో నాటి, మూడు వేసవులు కడవతో నీరు పోసినవాడు ఒక తరమునకు వనభోజనము పెట్టినవాడే.