నోరు విప్పేచోటు

మొన్న నా సన్మానపత్రం నేనే రాసిచ్చాను. నవ్వకండి! హైదరాబాదునుంచి తిరిగొస్తుంటే బస్సు పరిటాలలో ఆగింది. చుట్టూ బ్రిటిషు కృష్ణాజిల్లా వున్నా, ఈ వూరు ఒకప్పుడు నైజాముది. నైజామనగానే డోర్నకల్లు, అజరయ్యగారు గుర్తొచ్చారు.

తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడాయన. 1909లో డోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడింబరో మహాసభలో, దొరలు మాతో స్నేహితుల్లా మెలగడంలేదని మొహంమీదే చెప్పారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పయ్యారు. అయినా ఎడ్లబండిమీద దళితవాడలకు వెళ్ళేవారు.

శిష్యుల కాళ్ళు కడిగిన క్రీస్తే గుళ్ళో వ్యాపారుల్ని గద్దించాడు కదా! తనవాళ్ళకోసం నోరు విప్పినవాడికి వినయం తగ్గిందని ఎవరంటారు? నేను మాత్రం నాకోసమే విప్పాను.

ఆ సన్మానపత్రం ఇంకా గోడకెక్కలేదు. ట్రంకుపెట్టె అడుగున వుంది.