కృష్ణా తీరపు తుఫానులు – స్థానిక పాలనా సామర్థ్యం (1977–2005)

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన నీరు మైళ్ళ కొద్దీ లోపలికి చొచ్చుకువచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి తీరగ్రామాలలో కుటుంబాలకు కుటుంబాలే కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు 10,000 మంది. అంతకు మించిన అంచనాలూ ఉన్నాయి. పదమూడేళ్ళు గడవకముందే, 1990 మే 9న, మరో అతి తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటింది. ఈసారి చనిపోయినవారు 967 మంది. ఇంత తేడా ఎలా వచ్చిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది అన్నది సాధారణంగా వినిపించే సమాధానం. అది నిజమే. 1980లలో మచిలీపట్నంలో తుఫానులను గుర్తించే రాడార్ పనిచేయసాగింది. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరప్రాంత కేంద్రాలకు నేరుగా, స్థానిక భాషలో హెచ్చరికలు పంపే ఏర్పాటు జరిగింది. కానీ 1977లో కూడా హెచ్చరిక వెలువడిందని మీరు మరచిపోకూడదు. రేడియోలో తుఫాను వార్త వచ్చింది. రేడియో చెప్పిన మాటకూ, ఇల్లు, గొడ్డూ గోదా విడిచి మనిషి బయలుదేరడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఎవరో ఒకరు వచ్చి లేవమనాలి, వెళ్ళడానికి ఒక చోటు చూపాలి, తీసుకువెళ్ళడానికి బండో లారీయో ఉండాలి. స్థానిక పాలనా సామర్థ్యాన్ని అంచనా వేయడమంటే ఈ దూరాన్ని కొలవడమే.

1977లో ఆ దూరాన్ని దాటించవలసిన యంత్రాంగాన్ని చూడండి. గ్రామంలో మునసబు, కరణం ఉండేవారు. వారిపైన, అనేక గ్రామాల తాలూకాకంతటికీ ఒక తహశీల్దారు. పంచాయతీల సంగతి మరీ విచిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 1970 తరువాత మళ్ళీ గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగింది 1981లోనే. అంటే ఉప్పెన వచ్చేనాటికి ఐదేళ్ళ పదవీకాలం ముగిసిపోయింది, కొత్తగా ఎన్నికైనవారు లేరు. వీటన్నిటినీ మించి, ప్రజలను తరలించినా ఎక్కడికి తరలించాలి? ఎత్తైన పక్కా భవనాలు తీరంలో అరుదు.

ఉప్పెన తరువాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు నిర్మించాయి. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి వాటి స్థానంలో 1,100కు పైగా మండలాలు వచ్చాయి. ఈ మార్పులు తుఫానుల కోసం చేసినవి కావు. వాటి వెనుక ఉన్నవి రాజకీయ కారణాలు. అయినా ఫలితం మాత్రం తీరగ్రామానికి అందింది. అధికారి పరిధి చిన్నదైంది, కార్యాలయం దగ్గరైంది. 1988లో పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి కనుక 1990 నాటికి ఊళ్ళో సర్పంచి కూడా ఉన్నాడు. ఆ మే నెలలో ఆరు లక్షలకు పైగా ప్రజలను ముందుగానే ఖాళీ చేయించగలిగారు.

అయితే ఈ విజయం ఎవరిది? తరలింపును నడిపించింది ప్రధానంగా కలెక్టరు, మండల రెవెన్యూ అధికారులు, పోలీసులు. పంచాయతీలు సహకరించాయి, నిర్ణయించలేదు. జిల్లా యంత్రాంగపు సామర్థ్యాన్నే స్థానిక స్వపరిపాలన సామర్థ్యంగా లెక్కించడం మన చరిత్ర రచనలో తరచుగా కనిపించే పొరపాటు. దీని పర్యవసానం ఏమిటంటే, తుఫాను రోజున బలంగా కనిపించే వ్యవస్థ, తుఫాను లేని సంవత్సరాలలో ఊళ్ళో కనిపించదు. రక్షణ భవనం తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పైకప్పు కారితే డబ్బు ఎవరిస్తారు అన్నవి కలెక్టరు రోజూ చూసే పనులు కావు.

1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను మరో లోపాన్ని బయటపెట్టింది. మృతులు వెయ్యికి పైగానే. వారిలో చాలామంది వేటకు వెళ్ళి సముద్రంలో చిక్కుకున్న మత్స్యకారులు. ఒడ్డున ఎన్ని భవనాలున్నా నీటిమీద ఉన్నవారికి అవి అక్కరకు రావు. ఏ పడవ ఎప్పుడు బయలుదేరిందో, అందులో ఎందరున్నారో తెలిసినవారు ఊరివారే. ఆ సమాచారాన్ని ముందే నమోదు చేసి ఉంచగల వ్యవస్థ పల్లెకారుల గ్రామాలలో ఉండాలి కానీ జిల్లా కేంద్రంలో కాదు.

చట్టం ఈ అవసరాన్ని నెమ్మదిగా గుర్తించింది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పదకొండవ షెడ్యూలు పేర్కొన్నా, వాటిలో ప్రకృతి వైపరీత్యాల నివారణ లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని సిద్ధంగా ఉంచడం, నిర్మాణాలు ప్రమాణాలను పాటించేలా చూడడం స్థానిక సంస్థల విధులుగా చెప్పింది. జిల్లా ప్రాధికార సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు కాగా, జిల్లా పరిషత్ అధ్యక్షునికి సహాధ్యక్ష స్థానం ఇచ్చింది. కానీ స్థానిక సంస్థ పనిచేయవలసింది జిల్లా సంస్థ ఆదేశాలకు లోబడే.

అభ్యాసం: మీ గ్రామ పంచాయతీ లేదా మునిసిపల్ వార్డు కార్యాలయానికి వెళ్ళి ఈ మూడు విషయాలు అడిగి రాసుకోండి. వరద లేదా తుఫాను హెచ్చరిక వస్తే మొదట ఎవరికి తెలుస్తుంది? జనాన్ని ఏ భవనంలోకి చేర్చుతారు, దాని తాళం ఎవరి వద్ద ఉంది? నడవలేని వృద్ధుల జాబితా కార్యాలయంలో ఉందా? దొరికిన సమాధానాలను 1977, 1990 నాటి పరిస్థితులతో పోల్చి ఒక పేజీకి మించకుండా వ్యాసం రాయండి.